పాత చెక్క సామానుకు రంగు, గ్లేజ్: చెన్నై ఉక్కలో ఎలా చేయాలి

భోగి దగ్గర పడితే చెన్నైలో ఏ వీధి చివర చూసినా కాలు ఊగే స్టూలో, తలుపు వేలాడే బీరువానో కనిపిస్తుంది. వాటిలో చాలావాటికి చెక్క గట్టిగానే ఉంటుంది, పైన పూతే పెచ్చులూడి ఉంటుంది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే పారేయకండి. లేకపోతే శుక్రవారం పల్లావరం సంతకి వెళ్లి బేరమాడి తెచ్చుకోండి. దానికి మంచి రంగు వేసి, ఆ పైన గ్లేజ్ పట్టిస్తే వచ్చే కళ కొత్త ప్లైవుడ్ సామానుకి రాదు.

గ్లేజ్ అంటే కొద్దిగా రంగు కలిపిన పారదర్శకమైన పూత. మామూలు పెయింట్ కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, గ్లేజ్ కప్పదు. పైగా నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి, పూసిన తర్వాత గుడ్డతో తుడుచుకునే టైమ్ ఇస్తుంది. తుడిచినప్పుడు ఎత్తుగా ఉన్నచోట పోతుంది, గాడుల్లో, నగిషీ సందుల్లో, మూలల్లో నిలుస్తుంది. ఆ నిలిచిన నీడే అందం. ఇందులో నేర్చుకోవాల్సిందంతా తుడవడంలోనే ఉంది. పూయడం ఎవరైనా పూస్తారు.

ఏది పనికొస్తుంది, ఏది రాదు

ముందు అది ఏ చెక్కో చూడండి. సొరుగు అడుగునో, వెనకవైపో, ఎవరికీ కనిపించని చోట గరుకు కాగితంతో కొంచెం రుద్దండి. బంగారు రంగు కలిసిన గోధుమ రంగు తేలి, చేతికి కాస్త నూనె తగిలినట్టుంటే అది టేకు. ఊదా చాయతో ముదురుగా ఉండి, ఎత్తితే బరువుగా ఉంటే రోజ్‌వుడ్ కావచ్చు. పాత చెన్నై ఇళ్లలో బర్మా టేకు ఇంకా బోలెడంత ఉంది. ఈ రెండు చెక్కలకీ పెయింట్ వేయకండి. రంగు ఒకసారి చెక్క రంధ్రాల్లోకి దిగితే మళ్లీ తీయడం నరకం. వాటికి మంచి పాలిష్ పట్టించండి చాలు. ఈ మాట అంటే "మా ఇల్లు, మా బీరువా" అనేవాళ్లుంటారు, నిజమే, కానీ నా మాట మాత్రం ఇదే.

వేప, మామిడి, రబ్బర్‌వుడ్, పేరు తెలియని నాటు చెక్క, ఇదివరకే ఎవరో ఎనామిల్ కొట్టిన సామాను, ఇవన్నీ రంగుకి భేషుగ్గా ఉంటాయి. నీళ్లు తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డు అయితే వదిలేయండి, దాని మీద ఏం చేసినా శ్రమ దండగ. నున్నగా, చదునుగా ఉండే మైకా సామానుకి రంగు వేయొచ్చేమో కానీ గ్లేజ్ మాత్రం వద్దు. నిలవడానికి గాడి లేదు కదా, మరకలా కనిపిస్తుంది.

గ్లేజ్‌కి అన్నిటికన్నా బాగా కుదిరేది నా దృష్టిలో పాత జాలీ బీరువా, అంటే తలుపులకి సన్నటి తీగ వల బిగించినది. ఫ్రిజ్ లేని రోజుల్లో పాలు, పెరుగు, మిగిలిన కూరలు పెట్టుకున్నదే. తలుపుల చుట్టూ బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ), పైన చిన్న కిరీటంలాంటి చెక్కడం, కాళ్లకి కడియాల్లా గుండ్రటి మెలికలు. గ్లేజ్ దాక్కోవడానికి ఇన్ని చోట్లు ఇంకో సామానులో ఉండవు. అందుకే ఇక్కడ దాన్నే ఉదాహరణగా తీసుకుని చెప్తాను. కుర్చీ అయినా, డ్రెస్సింగ్ టేబుల్ అయినా పద్ధతి అదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చెన్నైలో ఈ పనికి బంగారంలాంటి సమయం సంక్రాంతి వెళ్లాక, జనవరి చివరి నుంచి మార్చి దాకా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. గాల్లో తేమ ఎక్కువై ఎనామిల్ రోజులకి రోజులు జిగురుగానే ఉండిపోతుంది. మే నెల కత్తిరి ఎండలో దానికి పూర్తి విరుద్ధం. బ్రష్ నడుస్తుండగానే రంగు బిగుసుకుపోయి గీతలు పడతాయి. గ్లేజ్ అయితే గుడ్డ అందుకునేలోపే ఆరిపోతుంది.

రోజులో టైమ్ కూడా ముఖ్యమే. పొద్దున మంచు తేమ పోయాక, తొమ్మిదిన్నర, పది మధ్యలో మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. తీరానికి దగ్గర్లో, అంటే తిరువొత్తియూరు, శాంథోమ్, బెసంట్ నగర్ వైపు ఉండేవాళ్లకి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, దాంతో తేమా ఉప్పూ వస్తాయి. మేడ మీద పని చేసేట్టయితే నీడలోనే చేయండి. సాయంత్రం ఆరు తర్వాత తడి రంగు బయట ఉంచారో, పొద్దున లేచేసరికి దోమల ఎగ్జిబిషన్ చూడొచ్చు.

సామాను

పారీస్ కార్నర్ వైపు వెళ్లే ఓపిక ఉంటే జార్జ్ టౌన్‌లో సెంబుదాస్ వీధి చుట్టుపక్కల హార్డ్‌వేర్ అంతా దొరుకుతుంది. లేదంటే మీ పేటలోని పెయింట్ షాపు చాలు. గరుకు కాగితం 120, 220, 400 నంబర్లవి తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ నునుపు. షాపులో "ఉప్పుత్తాళ్" అని అడిగితే వెంటనే ఇస్తారు. 400 నంబరు మాత్రం నీళ్లతో రుద్దే వాటర్ పేపర్ అడగండి. ఇంకా వుడ్ ప్రైమర్, శాటిన్ (సగం మెరుపు ఉండే) ఎనామిల్, టర్పెంటైన్, వుడ్ పుట్టీ, మాస్కింగ్ టేప్, రెండు అంగుళాల బ్రష్ ఒకటి, అరిగిపోయిన గుండ్రటి బ్రష్ ఒకటి. గ్లేజ్‌ని సందుల్లోకి తోయడానికి కొత్త బ్రష్ కన్నా అరిగిందే మేలు. తుడవడానికి గుడ్డలు చాలా కావాలి. బాగా ఉతికిన పాత బనియన్లు, లుంగీలు దాచుకోండి. లేకపోతే హార్డ్‌వేర్ షాపులో బనియన్ వేస్ట్ అని కిలోల్లెక్కన అమ్ముతారు. టర్కీ తువ్వాళ్లు వాడొద్దు, పోగులు రాలి రంగులో అతుక్కుంటాయి.

లీటరు ఎనామిల్ ఒక పూతకి సుమారు వంద చదరపు అడుగులకి పైనే వస్తుంది. ఒక్క బీరువాకి లీటరు డబ్బా కొంటే రెండు పూతలు పోను ఇంకా మిగులుతుంది.

విప్పడం, కడగడం

తలుపులు, హ్యాండిళ్లు, బందులు అన్నీ విప్పేయండి. ఏ బందు ఏ తలుపుదో రాసి, మరలతో సహా కవర్లో వేసి టేపుతో ఆ తలుపు లోపలివైపే అతికించండి. తుప్పు పట్టి కదలని మరకి కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున తిరుగుతుంది. హ్యాండిళ్లు ఇత్తడివైతే వాటికి రంగు వేయకండి, చింతపండుతో తోమి పక్కన పెట్టుకోండి. జాలీ పట్టుకున్న బీడింగ్‌ని సన్నటి ఉలితో నెమ్మదిగా లేపండి. విరిగితే వడ్రంగి దగ్గర కొత్తది దొరుకుతుంది. జాలీ మాత్రం ఎలాగూ తుప్పు పట్టి ఉంటుంది, మార్చేయండి.

ఇక మురికి. వంటింట్లో ఏళ్ల తరబడి ఉన్న బీరువా మీద తాలింపు పొగ, నూనె జిడ్డు కలిసి ఒక పొరలా పేరుకుని ఉంటుంది. దాని మీద ఏ ఖరీదైన పెయింట్ వేసినా పొరలా ఊడొస్తుంది. వేడినీళ్లలో చాకలి సోడా కానీ, గిన్నెలు తోమే లిక్విడ్ కానీ వేసి, పాత టూత్‌బ్రష్‌తో గాడులన్నీ తోమండి. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. ఆ గుడ్డని బోరు నీళ్లలో ముంచకండి. చాలా పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక చెక్క మీద తెల్లటి పొడి మిగులుతుంది. క్యాన్ నీళ్లు వాడండి.

మన ఇళ్లలో బీరువా తలుపు మీద పసుపు, కుంకుమ బొట్లు ఉండనే ఉంటాయి, లోపల దేవుడి స్టిక్కర్లు సరేసరి. స్టిక్కర్ జిగురుకి కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచితే వచ్చేస్తుంది. ఆ నూనెని మాత్రం థిన్నర్ గుడ్డతో పూర్తిగా తీసేయండి. పసుపు, కుంకుమ మరకలు రుద్దితే పోయినట్టే పోయి, తెల్ల రంగు వేసిన నాలుగు రోజులకి పైకి తేలతాయి. వాటి సంగతి ప్రైమర్ దగ్గర చూద్దాం.

పాత పూత ఏంటో కనుక్కోండి

కనిపించని చోట చేతులకి రాసుకునే శానిటైజర్ ఒక చుక్క వేసి కొన్ని నిమిషాలాగి వేలితో తాకండి. జిగటగా అయితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. ఏమీ కాకపోతే ఎన్.సి. థిన్నర్‌తో తుడిచి చూడండి. కరిగి గుడ్డకి అంటితే అది ఎన్.సి. లాకర్ పూత. దేనికీ చలించకపోతే మెలమైన్ కానీ, పీయూ (పాలియురేథేన్) కానీ, అలాంటి గట్టి పూత అయ్యుంటుంది. ఫ్రెంచ్ పాలిష్ అయితే 220తో పైపైన రుద్దితే చాలు. మెలమైన్, పీయూ అయితే మెరుపంతా చచ్చేదాకా 120తో మొదలుపెట్టి బాగా రుద్దాల్సిందే, లేకపోతే ప్రైమర్‌కి పట్టు దొరకదు.

పాత ఎనామిల్ ఉంటే ఒక జాగ్రత్త. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం బాగా ఎక్కువే ఉండే అవకాశం ఉంది. కాబట్టి పాత రంగుని పొడిగా రుద్ది దుమ్ము లేపకండి. వాటర్ పేపర్ తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, కింద పరిచిన ప్లాస్టిక్‌ని ఆ బురదతో సహా చుట్టి పారేయండి. పిల్లల్ని, ముఖ్యంగా పాకే వయసు వాళ్లని, గర్భిణుల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

కాళ్లు, పుచ్చు, లప్పం

జాలీ బీరువా కాళ్లని వంగి చూడండి. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు, గుర్తుందా? ఏళ్లకేళ్లు ఆ నీళ్లలో నిలబడి కాలి చివర రెండు అంగుళాలు నల్లబడి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా దిగిపోతుంది. పైకి బాగానే ఉన్న బీరువా ఊగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. మెత్తబడ్డ భాగమంతా గోకేసి, బాగా ఎండనిచ్చి, పోయింది కొంచెమే అయితే ఎపాక్సీ పుట్టీతో కాలి ఆకారం తెచ్చుకోండి. ఎక్కువ పోయి ఉంటే వడ్రంగిని పిలిచి ఆ ముక్క కోయించి కొత్త ముక్క అతికించుకోవడమే. అడుగున చెక్క పోగుల చివర్లు నీళ్లని తెగ తాగుతాయి, అందుకే కాలి అడుగుకి ప్రైమర్‌ని రెండు మూడు సార్లు ఇంకేదాకా పట్టించండి. చివర్లో రబ్బరు బుష్‌లు తొడగండి.

సూదిమొనంత రంధ్రాలు కనిపించి, కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. హార్డ్‌వేర్ షాపులో చెక్క పురుగుల మందు తెచ్చి, సిరంజితో ఒక్కో రంధ్రంలోకీ ఎక్కించి, ప్లాస్టిక్ షీట్‌లో చుట్టి కొన్నాళ్లు వదిలేయండి. పొడి రాలడం ఆగిందని నమ్మకం కుదిరాకే ముందుకి వెళ్లాలి.

గుంటలు, పగుళ్లు పూడ్చడానికి వుడ్ పుట్టీ వాడండి. పెయింటర్లలో కొంతమంది ఖర్చు తగ్గుతుందని గోడలకి వేసే వైట్ సిమెంట్ పుట్టీనే చెక్కకీ లాగించేస్తారు. చెక్క సాగుతుంది, ముడుచుకుంటుంది. సిమెంట్ అలా చేయలేదు. ఒక వానాకాలం తిరిగేసరికి పగిలి ఊడిపోతుంది. అలాగని లప్పం పెట్టి అంతా గాజులా చదును చేయాల్సిన పనీ లేదు. పాత దెబ్బలు కొన్ని ఉంచేయండి, గ్లేజ్ వాటిలో దిగి బాగుంటుంది. లప్పం గీతలు, బ్రష్ గీతలు మాత్రం ఉండకూడదు. గ్లేజ్ ఏ తప్పునీ దాచదు, ఉన్నదాన్ని నల్లగా గీసి మరీ చూపిస్తుంది.

ప్రైమర్, అడుగు రంగు

పసుపు మరకలు, ఎర్రటి చెక్క నుంచి ఊరే రంగు, పాత నూనె, వీటన్నిటినీ ఆపేది లక్క. షెల్లాక్ సీలర్ ఒక పల్చటి పూత వేస్తే మరక లోపలే ఉండిపోతుంది. ఫ్రెంచ్ పాలిష్, లక్కని కరిగించే డీనేచర్డ్ స్పిరిట్ అమ్మకానికి తమిళనాడులో 1959 నాటి నిబంధనలు ఉన్నాయి, ప్రతి షాపులోనూ పెట్టరు. కాబట్టి లైసెన్స్ ఉన్న పెద్ద షాపులో అడగండి. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద ఆయిల్ ప్రైమర్ అయితే బాగా పడుతుంది. వాటర్ బేస్ ప్రైమర్ వేసే ఆలోచన ఉంటే మైనం తీసిన లక్కే కావాలి.

ప్రైమర్ ఒక పూత, ఆరాక 220తో రుద్దడం, కనిపించిన గుంటలకి మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దడం, రెండో పూత. ఇందులో కొత్తగా చెప్పేదేమీ లేదు, విసుగు పుట్టే పనే, కానీ మానకండి.

అడుగు రంగుకి శాటిన్ ఎనామిల్ తీసుకోండి. మ్యాట్ (మెరుపు లేని) రంగు గ్లేజ్‌ని పీల్చేసుకుంటుంది, ఎంత తుడిచినా రాదు. పూర్తి మెరుపు ఉండే గ్లాసీ ఎనామిల్ మీదేమో గ్లేజ్ జారిపోతుంది. శాటిన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇష్టపడి సుద్దలా ఆరే చాక్ పెయింట్ కానీ, మ్యాట్ కానీ వేసుకుంటే దాని మీద ఒక పూత క్లియర్ సీలర్ వేసి, ఆ తర్వాతే గ్లేజ్ మొదలుపెట్టండి. ఎనామిల్‌ని పల్చగా రెండు పూతలు వేయండి, మధ్యలో 400తో తేలిగ్గా రుద్దండి. డబ్బా మీద ఎనిమిది గంటలు అని రాసి ఉన్నా ఇక్కడి గాలికి రాత్రంతా ఆగడం మంచిది. రెండో పూత తర్వాత గ్లేజ్‌కి ముందు కనీసం మూడు నాలుగు రోజులు వదిలేయండి. గోరుతో నొక్కితే గుర్తు పడుతుంటే ఇంకా ఆగాలి.

అడుగు రంగు ఎంత లేతగా ఉంటే గ్లేజ్ అంత బాగా కనిపిస్తుంది. మీగడ రంగు మీద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఎప్పుడూ చెడదు. ఆకుపచ్చలో బూడిద కలిసిన చాయకి రా అంబర్‌లో చిటికెడు నలుపు కలిపితే పాత చెట్టినాడు తలుపుల కళ వస్తుంది. ముదురు నీలానికి గోధుమ రంగు గ్లేజ్ వేస్తే బురదలా ఉంటుంది. దానికి తెల్ల గ్లేజ్ వేసి చూడండి, గాడుల్లో సున్నం నిలిచినట్టు తేలుతుంది. అచ్చమైన తెలుపు మీద నల్ల గ్లేజ్ మాత్రం నాకు నచ్చదు, మసి పట్టినట్టే ఉంటుంది.

గ్లేజ్ కలపడం

రెండు రకాలున్నాయి, కాలాన్ని బట్టి ఎంచుకోండి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాటర్ బేస్‌ది హాయి. ఆర్ట్ సామాను షాపుల్లో గ్లేజ్ మీడియం దొరుకుతుంది. నాలుగు పాళ్ల మీడియానికి ఒక పాలు యాక్రిలిక్ రంగు. పల్చన చేయాల్సి వస్తే ఇక్కడా క్యాన్ నీళ్లే. ఎనామిల్ మీద ఇది ముత్యాల్లా విడిపోకుండా ఉండాలంటే ముందు 400తో మెరుపు తగ్గించాలి.

ఎండలు ముదిరాక ఆయిల్ గ్లేజ్ మేలు, తుడవడానికి తీరిక ఇస్తుంది. టర్పెంటైన్, డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), ఆయిల్ వార్నిష్ మూడూ సమానంగా కలిపి, అందులో ట్యూబుల్లో వచ్చే ఆర్టిస్ట్ ఆయిల్ కలర్ వేయండి. వంద మిల్లీలీటర్లకి రెండు అంగుళాల పొడవు పిండి చూసి, చాలకపోతే కొంచెం కొంచెం పెంచుకోండి. ట్యూబు రంగుని ముందు ఒక చెంచా టర్పెంటైన్‌లో అరగదీసి అప్పుడు కలపండి, లేకపోతే ఉండలు మిగిలి తుడిచేటప్పుడు గీతలు గీస్తాయి. కలిపాక తెల్ల కాగితం మీద పూసి చూస్తే పల్చటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లోంచి చూసినట్టు కాగితం కనిపించాలి. కాగితం కనిపించడం లేదంటే అది గ్లేజ్ కాదు, పెయింటే.

లిన్సీడ్ ఆయిల్‌తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డలు అంటుకుంటాయి. పని అయిన వెంటనే ఒక్కో గుడ్డనీ విడివిడిగా ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచండి. చెత్తబుట్టలో అలాగే వేయకండి.

పూయడం, తుడవడం

ముందు బీరువా మీద కాదు, ఒక అట్ట మీద. అడుగు రంగు వేసేటప్పుడే ఒక అట్టకీ, విరిగిన బీడింగ్ ముక్కకీ అదే రంగు రెండు పూతలు వేసి ఉంచుకోండి. వాటి మీద పూసి, ఒక నిమిషానికి తుడిస్తే ఎలా ఉంది, మూడు నిమిషాలకి ఎలా ఉంది, అయిదుకి ఎలా ఉంది చూసుకోండి. ఆ రోజు గాలికి మీకున్న టైమ్ ఎంతో అక్కడే తెలిసిపోతుంది. నీడలో ఒకలా, ట్యూబ్‌లైట్ కింద ఒకలా కనిపిస్తుంది కాబట్టి బీరువా పెట్టబోయే గదిలోకి తీసుకెళ్లి కూడా చూడండి.

ఫ్యాన్ ఆపేయండి, కిటికీలు తీసి ఉంచండి. తలుపుని బల్ల మీద పడుకోబెట్టండి, నిలబెట్టి చేస్తే గ్లేజ్ కిందికి కారుతుంది. జాలీ చుట్టూ ఉన్న ఒక్క చట్రాన్ని తీసుకుంటే, దానికి నాలుగు పట్టీలు, వాటి లోపలి అంచు వెంబడి గాడి ఉంటాయి. అరిగిన గుండ్రటి బ్రష్‌తో ముందు గాడిలోకి గ్లేజ్‌ని పొడుస్తున్నట్టు తోయండి. ఆ తర్వాత అడ్డపట్టీల మీద పూయండి. ఈ దశలో చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇంట్లో అమ్మ ఉంటే "శుభ్రంగా వేసిన రంగు మీద మళ్లీ ఈ మురికేంట్రా" అనడం ఖాయం. కంగారు పడి వెంటనే తుడిచేయకండి, అట్ట మీద చూసుకున్న టైమ్ అయ్యేదాకా ఆగండి.

ఇప్పుడు గుడ్డ. ముద్దలా పట్టుకుని రుద్దితే గాడిలోది కూడా వచ్చేస్తుంది. గుడ్డని చూపుడువేలు చుట్టూ బిగువుగా లాగి పట్టుకుని, చదునైన చోట ఒకే దిశలో, చెక్క పోగుల వెంట, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఆగకుండా లాగండి. మధ్యలో ఆపితే అక్కడ గీత పడుతుంది. రెండు మూడు లాగులకోసారి గుడ్డ మడత మార్చండి, లేకపోతే తీసిన గ్లేజ్‌నే మళ్లీ పూస్తున్నట్టు అవుతుంది. మూల దగ్గరికి వచ్చేసరికి వేలి ఒత్తిడి తగ్గించేయండి. మూలలో ముదురుగా ఉండి మధ్యకి వచ్చేకొద్దీ లేతగా మారాలి. ఆ మార్పు గీత గీసినట్టు ఉంటే, పొడి బ్రష్ తీసుకుని దుమ్ము దులిపినంత తేలిగ్గా ఆ గీత మీద అటూ ఇటూ ఆడించండి, కలిసిపోతుంది.

అడ్డపట్టీలు అయ్యాక నిలువు పట్టీలు. చెక్క ఎక్కడ అతుకుతుందో అక్కడే మీరూ ఆగాలి. అతుకు దగ్గర ఆపితే గీత పడినా సహజంగా ఉంటుంది, పట్టీ మధ్యలో ఆపితే మరకలా ఉంటుంది. ఒక భాగం పూర్తిగా తుడిచాకే ఇంకో భాగంలో బ్రష్ పెట్టండి. ఇద్దరుంటే ఒకరు పూయడం, ఒకరు తుడవడం బాగా కుదురుతుంది, కానీ బీరువా మొత్తానికి తుడిచే చెయ్యి ఒకటే ఉండాలి. చెయ్యి మారితే ఎడమ తలుపు ఒకలా, కుడి తలుపు ఒకలా తయారవుతుంది.

ఎక్కువ తీసేశారా? ఆరాక మళ్లీ ఒక పూత వేసుకోవచ్చు. ముదురుగా ఉండిపోయిందా? వాటర్ గ్లేజ్ అయితే తడిగుడ్డతో, ఆయిల్ గ్లేజ్ అయితే టర్పెంటైన్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తేలిగ్గా తుడవండి. పూర్తిగా ఆరకముందు ఏదైనా సరిదిద్దొచ్చు. అసలే నచ్చకపోతే మొత్తం తుడిచేసి రేపు మళ్లీ మొదలుపెట్టొచ్చు, కింద ఎనామిల్‌కి ఏమీ కాదు, అది బాగా ఆరి ఉంటే.

కాళ్ల మెలికల దగ్గర గుడ్డ పేలికని తాడులా మెలిపెట్టి, మెలిక చుట్టూ వేసి అటూ ఇటూ లాగితే ఎత్తులు తెల్లబడి గాడుల్లో నీడ నిలుస్తుంది. పైన కిరీటం నగిషీకి గుడ్డ కన్నా అరచెయ్యి బాగా పనిచేస్తుంది, గ్లవ్స్ వేసుకుని ఒక్కసారి అలా నిమరండి చాలు.

పైపూత

వాటర్ గ్లేజ్ అయితే ఒక రోజు, ఆయిల్ గ్లేజ్ అయితే రెండు మూడు రోజులు, ఉక్కగా ఉంటే ఇంకా ఎక్కువ ఆరనివ్వండి. తర్వాత రక్షణకి క్లియర్ కోట్. లేత రంగుల మీద వాటర్ బేస్ పీయూ వేయండి, ఆయిల్ వార్నిష్ కాలక్రమేణా పసుపెక్కుతుంది. కింద ఆయిల్ గ్లేజ్ ఉంటే మాత్రం అది చేతికి అంటకుండా పూర్తిగా గట్టిపడ్డాకే వాటర్ పీయూ జోలికి వెళ్లండి, ముందు అదే అట్ట మీద వేసి చూసుకోండి. మొదటి పూత పల్చగా, ఒకే లాగులో. వేసినచోటే బ్రష్ పదేపదే తిప్పితే కింద గ్లేజ్ లేచొస్తుంది.

పెయింటర్‌కి అప్పగిస్తే ఎన్.సి. లాకరో, మెలమైనో స్ప్రే చేస్తానంటాడు. తేమ ఎక్కువున్న రోజున వాటితో పేచీ ఉంది. థిన్నర్ గబగబా ఆవిరైపోతూ పూతని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాల్లోని తేమ దాని మీద పేరుకుని తెల్లటి మబ్బులా నిలిచిపోతుంది. ఇన్ని రోజులు తుడిచి తెచ్చుకున్న నీడలన్నీ ఆ మబ్బు వెనక్కి పోతాయి. స్ప్రేనే కావాలనుకుంటే పొడిగా ఉన్న రోజు చూసుకోమనండి, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలపమనండి.

తిరిగి బిగించి వాడకంలోకి

కొత్త జాలీ కోసి, బీడింగ్ మేకులతో బిగించండి. మేకు తలలకి చుక్క పుట్టీ పెట్టి, దాని మీద అడుగు రంగు, ఆ పైన వేలితో కొంచెం గ్లేజ్ అద్దితే అతుకు కనిపించదు. బందులు పాత రంధ్రాల్లోనే బిగిస్తే మర వదులుగా తిరగొచ్చు. అగ్గిపుల్లని ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి విరిచి, ఆరాక మర ఎక్కించండి.

పైకి ఆరినట్టున్నా పూత లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా అరల్లో న్యూస్‌పేపర్లు పరవకండి, అతుక్కుపోయి తెలుగు పేపర్ హెడ్డింగులు అర మీద అచ్చు పడతాయి. బరువైన ఇత్తడి బిందెలు, గాజు సీసాలు కూడా ఈలోగా వద్దు. తలుపు మూసినప్పుడు చట్రానికి అంటుకోకుండా అంచుకి కొంచెం కొవ్వొత్తి రుద్దండి. తర్వాత తడి పిండిన గుడ్డతో తుడుచుకుంటే చాలు, ఫినాయిల్, బ్లీచింగ్ లాంటివి తగలనీయకండి. మిగిలిన గ్లేజ్‌ని చిన్న గాజు సీసాలో నిండా పోసి, మూత గట్టిగా పెట్టి, ఏ రంగు ఎంత కలిపారో మూత మీద రాసి ఉంచండి. మూలలు ఎప్పుడైనా దెబ్బతింటే అదే చాయ మళ్లీ కలపాల్సి వస్తుంది.